జైలోఫోన్: చెక్కబద్దలో స్వరం ఎలా పుడుతుంది?

ఇంగ్లిష్ అక్షరమాల పుస్తకంలో ‘ఎక్స్’ పక్కన ఉండే బొమ్మగా జైలోఫోన్ చాలామందికి తెలుసు. పరిచయం అక్కడితో ఆగిపోతుంది కాబట్టే పరీక్షలో చిన్న ప్రశ్న వచ్చినా తడబడతారు. ఈ వాద్యం మీద సైన్సులో అడగగలిగిన ప్రశ్నలన్నీ నాలుగు సంగతుల చుట్టూనే తిరుగుతాయి. బద్ద ఎంత పొడవుంది? దాన్ని ఎక్కడ ఆనించారు? ఎక్కడ కొట్టారు? దాని కింద ఏముంది? ఈ నాలుగూ కంటికి కనిపించేవే. వీణ తీగను ఎంత బిగించారో చూసి చెప్పలేం, వేణువులోని గాలి కనిపించదు. జైలోఫోన్‌లో స్వరాన్ని నిర్ణయించేవి దాదాపు అన్నీ మన ఎదుటే పరిచి ఉంటాయి. ధ్వని పాఠం మొదలుపెట్టే విద్యార్థికి ఇంతకన్నా మంచి వాద్యం లేదని నా గట్టి నమ్మకం.

ఏ వర్గానికి చెందింది?

భరతుడి నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు రకాలుగా విభజించింది. తీగలతో మోగేవి తత వాద్యాలు, వీణ వంటివి. గాలి ఊదితే పలికేవి సుషిర వాద్యాలు, వేణువు, నాదస్వరం వంటివి. చర్మం బిగించినవి అవనద్ధ వాద్యాలు, మృదంగం వంటివి. తీగ, చర్మం, ఊదే గాలి ఏదీ లేకుండా గట్టి పదార్థం తానే కంపించి మోగితే అది ఘన వాద్యం. తాళాలు, గజ్జెలు, ఘటం ఈ కోవలోవి. జైలోఫోన్ కూడా ఘన వాద్యమే.

పాశ్చాత్య పద్ధతిలో దీన్ని ఇడియోఫోన్ అంటారు. 1914లో ఎరిక్ ఫాన్ హార్న్‌బోస్టెల్, కర్ట్ సాక్స్ అనే ఇద్దరు పండితులు ప్రపంచ వాద్యాలన్నింటినీ ఇడియోఫోన్, మెంబ్రనోఫోన్, కార్డోఫోన్, ఏరోఫోన్ అని నాలుగు వర్గాలుగా అమర్చారు. ఇవి వరుసగా ఘన, అవనద్ధ, తత, సుషిర వాద్యాలకు దాదాపుగా సరిపోతాయి. విద్యుత్తుతో పనిచేసే ఎలక్ట్రోఫోన్ల వర్గం తరవాత చేరింది. జతపరచండి అనే ప్రశ్నకు ఈ నాలుగు జంటలు సిద్ధంగా ఉండాలి.

ఒక తేడా ఇక్కడే తేల్చుకోవాలి. కోలాటం కర్రలు, హరిదాసు చేతిలోని చిడతలు కూడా ఘన వాద్యాలే. కానీ అవి లయను చూపిస్తాయి, సరిగమలు పలకవు. జైలోఫోన్‌లో ఒక్కో బద్ద ఒక్కో నిర్ణీత స్వరం పలుకుతుంది. అందుకే వాద్యబృందాల్లో దీన్ని స్వరం గల తాడన వాద్యాల కింద లెక్కవేస్తారు. మన దేశంలో కాష్ఠతరంగం ఈ రకం వాద్యమే. జలతరంగం దానికి దగ్గరి బంధువు, అక్కడ చెక్క బదులు నీళ్లు పోసిన పింగాణీ గిన్నెలు మోగుతాయి.

పొడవు తగ్గితే స్వరం ఎంత పెరుగుతుంది?

పరీక్షల్లో ఎక్కువమంది జారిపోయే చోటు ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

పొడవైన బద్ద మంద్రంగా, పొట్టి బద్ద కీచుగా మోగుతుందని అందరూ చెప్తారు. పౌనఃపున్యం ఎక్కువైతే స్వరం ఎత్తు పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది, అంతవరకూ సరే. కానీ పొడవును సరిగ్గా సగం చేస్తే పౌనఃపున్యం ఎన్ని రెట్లవుతుంది? వీణ తీగ విషయంలో జవాబు రెండు రెట్లు. బిగువు మారకుండా తీగ పొడవును సగం చేస్తే పౌనఃపున్యం రెట్టింపై పై స్థాయి షడ్జం పలుకుతుంది. అదే జవాబు జైలోఫోన్‌కూ రాస్తే తప్పు. ఒకే మందం గల చెక్కబద్దను సగానికి కోస్తే పౌనఃపున్యం నాలుగు రెట్లవుతుంది. అంటే స్వరం ఒక స్థాయి కాదు, రెండు స్థాయిలు పైకి పోతుంది.

కారణం ఇది. తీగను తిరిగి తన చోటుకు లాగేది దాని బిగువు. తీగ వెంట తరంగం ఒకే వేగంతో పోతుంది, తరంగం పొడుగుదైనా పొట్టిదైనా ఆ వేగం మారదు. చెక్కబద్దకు బిగువు లేదు. వంగిన బద్దను నిటారు చేసేది ఆ చెక్కకున్న గట్టిదనమే. ఇలా వంగుతూ సాగే తరంగాల వేగం వాటి తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది. తరంగదైర్ఘ్యం సగమైతే వేగం రెట్టింపవుతుంది. కాబట్టి బద్ద సగమైనప్పుడు తరంగం పోవాల్సిన దూరం సగం, పోయే వేగం రెట్టింపు. రెండూ కలిసి నాలుగు రెట్లు. సూత్రంగా చెప్పాలంటే, ఒకే చెక్కతో ఒకే మందంలో చేసిన బద్దల పౌనఃపున్యం పొడవు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది.

మరి ఒక్క స్థాయి మాత్రమే పైకి పోవాలంటే? పొడవును రెండు వర్గమూలంతో, అంటే 1.414తో భాగించాలి. 40 సెంటీమీటర్ల బద్ద ఆధార షడ్జం పలికితే, పై షడ్జం పలికే బద్ద సుమారు 28.3 సెంటీమీటర్లు ఉండాలి. ఒక స్థాయి పూర్తయ్యేసరికి బద్ద మూడో వంతు కూడా తగ్గలేదు. జైలోఫోన్ ఒక చివర వెడల్పుగా, మరో చివర సన్నగా కనిపించినా ఆ తగ్గుదల మనం అనుకున్నంత వేగంగా ఉండకపోవడానికి కారణం ఇదే.

మందం సంగతి ఇందుకు తలకిందులుగా ఉంటుంది. పొడవు అంతే ఉండి బద్ద మందం పెరిగితే స్వరం పైకి పోతుంది, ఎందుకంటే బరువు పెరిగినదానికన్నా గట్టిదనం చాలా ఎక్కువగా పెరుగుతుంది. మందం రెట్టింపైతే పౌనఃపున్యం రెట్టింపు. వెడల్పుకు మాత్రం స్వరం ఎత్తుతో దాదాపు సంబంధం లేదు. వెడల్పు పెరిగితే బరువూ గట్టిదనమూ ఒకే పాళ్లలో పెరుగుతాయి, ఒకదానికొకటి చెల్లు. పొడవు, మందం, వెడల్పు మూడూ ఇచ్చి స్వరం ఎత్తును ప్రభావితం చేయనిది ఏదని అడిగితే జవాబు వెడల్పు.

శ్రుతి చేసేవారు ఈ సూత్రాన్నే చేతితో ఆచరిస్తారు. బద్ద అడుగున నడిమి భాగాన్ని కొద్దిగా చెక్కితే అక్కడి గట్టిదనం తగ్గి స్వరం దిగుతుంది. చివర్లను అరగదీస్తే బరువు తగ్గి స్వరం ఎక్కుతుంది. మంచి వాద్యాల బద్దలను తిప్పి చూస్తే అడుగున విల్లులాంటి వంపు కనిపిస్తుంది. ఆ వంపు మరో పనీ చేస్తుంది. ఏ బద్దా ఒక్క పౌనఃపున్యంతో మోగదు, మూలస్వరంతోపాటు అతిస్వరాలూ ఉంటాయి. వంపు లేని బద్దలో మొదటి అతిస్వరం మూలస్వరానికి సుమారు 2.76 రెట్లు ఉంటుంది, అది చెవికి పొసగదు. వంపును సరిచేసి జైలోఫోన్‌లో ఆ నిష్పత్తిని సరిగ్గా 3కు, దాని సోదర వాద్యం మరింబాలో 4కు తెస్తారు. మూడు రెట్లంటే పై స్థాయి పంచమం, నాలుగు రెట్లంటే రెండు స్థాయిల పైనున్న షడ్జం. జైలోఫోన్ పదునుగా, మరింబా గుండ్రంగా వినిపించడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి.

ఎక్కడ ఆనించాలి, ఎక్కడ కొట్టాలి?

బద్దను రెండు చివర్లా మేకులు కొట్టి బిగిస్తే అది మోగదు, టక్కుమని ఆగిపోతుంది. చివర్లు స్వేచ్ఛగా ఊగాలి. మధ్యభాగం పైకి లేచినప్పుడు చివర్లు కిందికి దిగుతాయి, మధ్యభాగం దిగినప్పుడు చివర్లు లేస్తాయి. వీటి నడుమ ఏ కదలికా లేని చోట్లు రెండు ఉంటాయి. వాటిని అస్పందన స్థానాలు అంటారు. ఒకే మందం గల బద్దలో ఇవి ఒక్కో చివరి నుంచి పొడవులో 22.4 శాతం దూరంలో ఉంటాయి. 40 సెంటీమీటర్ల బద్దలో ఇటు 9, అటు 9 సెంటీమీటర్ల దగ్గరన్నమాట. దారం పోయే రంధ్రాలు వేసేది, బద్ద కింద మెత్తని ఊతం పెట్టేది అక్కడే. కదలిక లేని చోట ఆనించాం కాబట్టి కంపనం చెడదు.

దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు, చూడొచ్చు. బద్దను రెండు స్పాంజి ముక్కల మీద పెట్టి, పైన సన్నని ఉప్పు చల్లి, నడిమిన మెల్లగా వరుసగా కొట్టండి. కదిలే చోట ఉన్న ఉప్పు ఎగిరి జరుగుతూ, కదలని రెండు చోట్ల అడ్డగీతల్లా పోగవుతుంది.

గరిష్ఠంగా కంపించే చోట్లు ప్రస్పందన స్థానాలు. నడిమి భాగం అలాంటిదే కాబట్టి అక్కడ కొడితే స్వరం నిండుగా వస్తుంది. అస్పందన స్థానం మీద, అంటే దారం పోయే చోట కొడితే మూలస్వరం పలకదు, పొడి చప్పుడే మిగులుతుంది. రెండు వరుసల జైలోఫోన్‌లో పై వరుస బద్దలను వేగంగా వాయించాల్సి వచ్చినప్పుడు వాటి చివరి అంచు మీద కొట్టడం మామూలే, ఎందుకంటే చివర కూడా ప్రస్పందన స్థానమే.

కింద వేలాడే గొట్టాలు

వాద్యబృందంలో వాడే జైలోఫోన్‌కు ప్రతి బద్ద కిందా ఒక లోహపు గొట్టం ఉంటుంది. పై మూత తెరిచి, అడుగు మూసి ఉంటుంది. బద్ద కంపించినప్పుడు గొట్టంలోని గాలిస్తంభం అదే పౌనఃపున్యంతో గట్టిగా కంపిస్తుంది. ఇదే అనునాదం. ఇంటర్ భౌతికశాస్త్రంలో చదివే మూసిన గొట్టం సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది, గొట్టం పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి. గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, బద్ద పౌనఃపున్యం 440 హెర్ట్జ్ అనుకుందాం. 343ను 4 × 440తో భాగిస్తే సుమారు 0.195 మీటర్లు, అంటే 19.5 సెంటీమీటర్లు. 262 హెర్ట్జ్‌కు ఇదే లెక్క వేస్తే 32.7 సెంటీమీటర్లు. గొట్టం అంచు దగ్గరి సవరణ వల్ల అసలు గొట్టం ఇంతకన్నా కొద్దిగా పొట్టిగా ఉంటుంది.

గొట్టం కొత్త శక్తిని పుట్టించదు. బద్దలో ఉన్న శక్తినే త్వరగా గాలిలోకి పంపుతుంది. అందుకే గొట్టం ఉంటే శబ్దం బిగ్గరగా వినిపిస్తుంది కానీ తొందరగా తగ్గిపోతుంది. శక్తి నిత్యత్వ నియమానికి ఇంత చక్కని ఉదాహరణ సంగీతంలో దొరకడం అరుదు.

చెక్క ఎక్కడిది?

బద్ద గట్టిగా, బరువుగా, లోపల కంపనాన్ని మింగేయనిదిగా ఉండాలి. పేరున్న వాద్యాలకు హోండురాస్ రోజ్‌వుడ్ వాడతారు, ఇది మధ్య అమెరికాలోని బెలీజ్, గ్వాటెమాల ప్రాంతాల చెట్టు. మన జిట్రేగి కూడా ఇదే డాల్బెర్జియా ప్రజాతిలోది. మరో చెక్క ఆఫ్రికా పడౌక్. దాని ప్రజాతి టెరోకార్పస్, శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం ప్రజాతి కూడా అదే. రోజ్‌వుడ్ అడవులు తరిగిపోవడంతో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ 2017 నుంచి డాల్బెర్జియా ప్రజాతి మొత్తాన్నీ నియంత్రణలోకి తెచ్చింది. తయారైన సంగీత వాద్యాలకు 2019లో మినహాయింపు వచ్చింది. గాజునార కలిపిన కృత్రిమ బద్దలు ఇప్పుడు బడుల్లో, ఆరుబయలు బృందాల్లో బాగా వాడుకలో ఉన్నాయి. తేమకు శ్రుతి మారకపోవడం వాటి బలం, కానీ మంచి రోజ్‌వుడ్ పలుకు వాటికి ఇంకా పూర్తిగా అందలేదు.

చెక్కదా, లోహానిదా?

పిల్లలకు కొనిచ్చే రంగుల బొమ్మ వాద్యాల్లో చాలావరకు ఇనుప పట్టీలవి. పేరు ఏది రాసినా అవి జైలోఫోన్లు కావు, గ్లాకెన్‌స్పీల్ తరహావి. జైలోఫోన్ బద్దలు చెక్కవి, లేదా చెక్కకు మారుగా చేసినవి. గ్రీకు భాషలో చెక్క, ధ్వని అనే రెండు మాటల నుంచే ఆ పేరు వచ్చింది. మరింబా కూడా చెక్కదే, కాకపోతే బద్దలు వెడల్పు, మంద్రస్థాయి ఎక్కువ, గొట్టాలు పెద్దవి. వైబ్రాఫోన్‌కు అల్యూమినియం పట్టీలు, గొట్టాల నోట్లో మోటారుతో తిరిగే రేకులు, కాలితో నొక్కే పెడల్ ఉంటాయి. ఆ రేకులు తిరగడం వల్లే దాని నాదం ఊగినట్టు వినిపిస్తుంది.

స్వరలిపిలో రాసినదానికన్నా జైలోఫోన్ ఒక స్థాయి పైన, గ్లాకెన్‌స్పీల్ రెండు స్థాయిల పైన పలుకుతాయి. మరింబా, వైబ్రాఫోన్ రాసిన చోటే పలుకుతాయి. సంగీతం గ్రేడ్ పరీక్షలు రాసేవారు ఈ వాక్యం గుర్తుంచుకోవాలి.

పుట్టినిల్లు: ఆఫ్రికా, ఆగ్నేయాసియా

జైలోఫోన్‌ను యూరప్ వాద్యంగా చూపించే పుస్తకాలు పిల్లలకు అన్యాయం చేస్తున్నాయి. దాని పాత ఇళ్లు ఆఫ్రికాలో, ఆగ్నేయాసియాలో ఉన్నాయి. 

పశ్చిమ ఆఫ్రికాలో దాని పేరు బాలాఫోన్. చెక్క చట్రం మీద బద్దలు, ప్రతి బద్ద కిందా ఒక ఎండిన సొరబుర్ర. పైన చెప్పిన గొట్టం పనిని ఆ బుర్ర చేస్తుంది. బుర్రకు చిన్న రంధ్రం పెట్టి, దాని మీద సాలీడు గుడ్ల సంచి పొరను అతికిస్తారు. బద్ద మోగినప్పుడు ఆ పొర అదిరి స్వరానికి జుమ్మనే ఒక రొద తోడవుతుంది. దాన్ని లోపం అనుకోకూడదు, అక్కడి వాద్యకారులు కోరి తెచ్చుకునే నాదగుణం అది. 1352లో మాలి రాజ్యానికి వెళ్లిన యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా బుర్రలు అమర్చి పుల్లలతో వాయించే వాద్యాన్ని రాజు కొలువులో చూసి రాశాడు.

గినీ దేశంలోని న్యాగసోలా గ్రామంలో సోసో బాలా అనే పవిత్ర వాద్యం ఉంది. సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు, 20 బద్దలు. 13వ శతాబ్దంలో సోసో రాజు సుమావోరో కాంటే దగ్గర ఉన్న ఈ వాద్యం, ఆయన్ని ఓడించి మాలి సామ్రాజ్యాన్ని స్థాపించిన సుండియాటా కీటా వైపు చేరిందని అక్కడి పరంపర చెప్తుంది. కూయాతే వంశపు గ్రియోలు, అంటే వంశచరిత్రలను గానం చేసే కథకులు, దాన్ని కాపాడుతున్నారు. బాలాటిగీ అని పిలిచే కుటుంబ పెద్దకే దాన్ని వాయించే అధికారం, అదీ కొన్ని ప్రత్యేక సందర్భాల్లోనే. ఏడేళ్లు నిండిన పిల్లలకు బాలాఫోన్ నేర్పే బాధ్యత కూడా ఆయనదే. యునెస్కో 2001లో సోసో బాలా సాంస్కృతిక ప్రాంగణాన్ని మానవాళి మౌఖిక వారసత్వ కళాఖండంగా ప్రకటించి, 2008లో ప్రతినిధి జాబితాలో చేర్చింది. మొజాంబిక్‌లోని చోపి జాతివారి టింబిలా వాద్యబృందాలకు 2005లో ప్రకటన వచ్చింది, అవీ 2008లోనే జాబితాలో చేరాయి. ఏ దేశం, ఏ పేరు అనే ప్రశ్నకు ఈ రెండూ తప్పనిసరి.

ఉగాండాలోని బుగాండా ప్రాంతపు అమడిండా నాకు అన్నింటికన్నా ఇష్టం. అరటి బోదెలు రెండు నేల మీద పరిచి వాటిపై 12 పెద్ద చెక్కబద్దలు పేరుస్తారు. గొట్టాలు లేవు, బుర్రలు లేవు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు కొట్టే రెండు దెబ్బల నడుమ సరిగ్గా రెండోవారి దెబ్బ పడుతుంది. ఇద్దరి స్వరాలూ అల్లుకుని, ఏ ఒక్కరూ విడిగా వాయించని మూడో వరుస చెవికి వినిపిస్తుంది. మెత్తని అరటి బోదె బద్దను ఆనించడానికి ఎంత సరైనదో అస్పందన స్థానాల పాఠం చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆగ్నేయాసియాకు వస్తే థాయ్‌లాండ్‌లో రనాత్ ఏక్. పడవ ఆకారపు పెట్టె మీద దారాలతో వేలాడే 21 లేదా 22 బద్దలు. శ్రుతి చేయడానికి మైనంలో సీసపు పొడి కలిపి బద్దల అడుగున అంటిస్తారు. బరువు పెరిగితే స్వరం దిగుతుందన్న సూత్రమే ఇది. కంబోడియాలో రొనియాట్, మయన్మార్‌లో వెదురు బద్దల పట్టలా, జావా గామెలాన్ బృందంలో గాంబాంగ్ దీని తోబుట్టువులు. సముద్రం దాటి ఆసియా నుంచి ఆఫ్రికాకు జైలోఫోన్ వెళ్లిందని ఎ.ఎం.జోన్స్ 1964లో ఒక పుస్తకంలో వాదించాడు. అందరూ ఒప్పుకోలేదు. రెండుచోట్లా విడివిడిగా పుట్టి ఉండొచ్చనే వాదన కూడా బలంగానే ఉంది. కాబట్టి మూలం ఫలానా దేశమని ఒక్క ముక్కలో రాయకండి.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన మనుషుల చేతుల్లోని విద్య మధ్య అమెరికాలో మరింబాగా నిలిచింది. ఇప్పుడు గ్వాటెమాల జాతీయ వాద్యం అదే.

యూరప్‌లో ఎముకల చప్పుడుగా

జర్మన్ ఆర్గన్ విద్వాంసుడు ఆర్నోల్ట్ ష్లిక్ 1511లో రాసిన పుస్తకంలో ఈ తరహా చెక్క వాద్యం ప్రస్తావన ఉంది. 1538లో అచ్చయిన హాన్స్ హోల్బైన్ మృత్యునృత్య చిత్రాల్లో ఒక అస్థిపంజరం దీన్ని మెడకు తగిలించుకుని కనిపిస్తుంది. చాలాకాలం ఇది జానపదుల వాద్యంగానే ఉండిపోయింది. దానికి పేరు తెచ్చినవాడు నేటి బెలారస్‌లోని ష్క్లోవ్‌లో 1806లో పుట్టిన యూదు కళాకారుడు మిఖాయెల్ యోసెఫ్ గూజికోవ్. ఊపిరితిత్తుల జబ్బు వల్ల వేణువు వదిలి, గడ్డి చుట్టల మీద పేర్చిన చెక్కబద్దలు వాయిస్తూ యూరప్ నగరాలన్నీ తిరిగాడు. మెండెల్సన్ వంటి స్వరకర్త ఆయన్ని మెచ్చుకున్నాడు. ఆయన 1837లోనే కన్నుమూశాడు.

ఫ్రెంచ్ స్వరకర్త కామీ సాన్-సాన్స్ 1874లో ‘దాన్స్ మకాబ్ర్’లో అస్థిపంజరాల ఎముకల చప్పుడు కోసం జైలోఫోన్ వాడాడు. 1886లో ‘కార్నివాల్ ఆఫ్ ది ఆనిమల్స్’లోని శిలాజాల భాగంలో మళ్లీ అదే చమత్కారం, పైగా తన పాత వరుసనే తిరిగి వాడాడు. జైలోఫోన్ అంటే ఎముకలు గుర్తొచ్చే అలవాటు కార్టూన్లలోకీ పాకింది, 1929 నాటి డిస్నీ ‘ది స్కెలిటన్ డాన్స్’ అందుకు సాక్ష్యం. ఆ ముద్ర నుంచి దాన్ని బయటికి తెచ్చిన రచనలు తరవాత వచ్చాయి. జార్జ్ గెర్ష్విన్ ‘పోర్గీ అండ్ బెస్’ (1935) ఆరంభంలోని జైలోఫోన్ భాగం ఇప్పటికీ వాద్యబృందాల ప్రవేశ పరీక్షల్లో అడిగేది. బేలా బార్టోక్ 1936లో తీగ వాద్యాలు, తాడన వాద్యాలు, చెలెస్టాల కోసం రాసిన రచనలో మూడో భాగం ఒంటరి జైలోఫోన్ స్వరంతో మొదలవుతుంది.

పిల్లల తరగతి గదిలోకి

జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ (1895-1982) పేరు ఈ వాద్యంతో విడదీయలేనిది. 1924లో డొరోతే గుంథర్‌తో కలిసి మ్యూనిక్‌లో గుంథర్ షూలే స్థాపించాడు. అక్కడ గునిల్డ్ కేట్‌మన్ తోడుగా, కార్ల్ మేండ్లర్ అనే వాద్య తయారీదారు సాయంతో పిల్లలు వాయించగల చిన్న జైలోఫోన్లు రూపొందాయి. వాటిలో బద్దలు ఊడదీయవచ్చు. ఓర్ఫ్ బోధనలో కీలకం ఇదే. ఎఫ్, బి బద్దలు తీసేస్తే సి, డి, ఇ, జి, ఎ మిగులుతాయి. ఈ ఐదింటిలో ఏది ఎప్పుడు కొట్టినా వినసొంపుగానే ఉంటుంది, పిల్లవాడు భయం లేకుండా సొంతంగా వరుస కట్టగలడు.

సి బద్దను షడ్జం అనుకుంటే ఆ మిగిలిన ఐదూ స రి గ ప ద, అంటే మోహన రాగ స్వరాలు. అన్ని బద్దలూ ఉంచితే 29వ మేళకర్త ధీరశంకరాభరణం స్వరాలు. ఒక సంగతి మాత్రం మరవొద్దు. బద్ద స్వరం స్థిరం, దాన్ని లాగి గమకం పలికించలేం. కాబట్టి జైలోఫోన్ మీద మోహన స్వరాలు వస్తాయి కానీ మోహన రాగం పూర్తి స్వరూపం రాదు. కచేరీ వేదికల మీద ఇలాంటి స్థిరస్వర చెక్క వాద్యం పెద్దగా నిలదొక్కుకోకపోవడానికి ఇదే కారణమని నాకనిపిస్తుంది.

వాయించేటప్పుడు మ్యాలెట్‌ను, అంటే కొట్టే పుల్లను, బొటనవేలు, చూపుడువేలి నడుమ పట్టి మిగతా వేళ్లు వదులుగా మూయాలి. కుడి, ఎడమ చేతులు వంతులవారీగా కొట్టాలి. కాలుతున్న పెనం మీది నుంచి వేలు తీసినట్టు మ్యాలెట్ బద్దను తాకిన వెంటనే పైకి లేవాలి. ఆనించి ఉంచితే కంపనం ఆగిపోతుంది. స్వరాన్ని సాగదీయాలంటే రెండు చేతులతో వేగంగా మార్చిమార్చి కొట్టడమే దారి, దాన్ని రోల్ అంటారు. జైలోఫోన్‌కు గట్టి రబ్బరు లేదా ప్లాస్టిక్ తలలు, మరింబాకు నూలు చుట్టినవి. ఇత్తడి తలలతో చెక్కను కొట్టకూడదు, సొట్టలు పడతాయి.

మోహనం పలికే బద్దలు: ప్రాజెక్టు పని

బాగా ఆరిన టేకు చెక్కతో, ఒకే మందం, ఒకే వెడల్పు ఉండేలా చిత్రిక పట్టిన ఆరు బద్దలు వడ్రంగి చేత కోయించండి. చెక్క చారలు పొడవునా సాగాలి. పొడవులు పైన చెప్పిన వర్గమూలం లెక్కతో వస్తాయి. స 40 సెంటీమీటర్లు. రి పౌనఃపున్యం స కు 9/8 రెట్లు కాబట్టి 37.7. గ 5/4 రెట్లు, 35.8. ప 3/2 రెట్లు, 32.7. ద 5/3 రెట్లు, 31. పై స రెండు రెట్లు, 28.3. ప్రతి బద్దకూ దాని పొడవును 0.224తో గుణించి రెండు చివర్ల నుంచీ గీతలు గీయండి. ఆ గీతల కింద స్పాంజి లేదా మడిచిన గుడ్డ పట్టీలు పెట్టి వరుసగా పేర్చండి.

లెక్క సరిగ్గా ఉన్నా స్వరం కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, ఎందుకంటే ఒకే చెట్టు చెక్క కూడా అంతటా ఒకే సాంద్రతతో ఉండదు. శ్రుతి దిగువన ఉంటే చివరను ఆకురాయితో కొద్దిగా రుద్దండి. ఎగువన ఉంటే అడుగున నడిమిన రుద్దండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుంటే పౌనఃపున్యం అంకెల్లోనే కనిపిస్తుంది. రుద్దడానికి ముందే ఆ విలువలను రాసుకుని పొడవు వర్గంతో గుణించి చూడండి. ఆరింటికీ లబ్ధం దాదాపు ఒకటే వస్తే విలోమానుపాత సూత్రాన్ని మీ చేత్తో రుజువు చేసినట్టే, ప్రాజెక్టు పుస్తకంలో రాయాల్సిన పట్టిక అదే.

మాదిరి ప్రశ్నలు, వివరణలు

30 సెంటీమీటర్ల చెక్కబద్ద 400 హెర్ట్జ్ స్వరం పలుకుతోంది. అదే మందం గల 15 సెంటీమీటర్ల బద్ద ఎంత పలుకుతుంది? జవాబు 1600 హెర్ట్జ్. 800 అని గుర్తు పెట్టినవారు తీగ సూత్రం వాడినట్టు.

జైలోఫోన్ బద్దను దాని చివర్ల దగ్గర ఎందుకు బిగించరు? చివర్లు ప్రస్పందన స్థానాలు, అక్కడ బిగిస్తే స్వేచ్ఛా కంపనం ఆగిపోతుంది. 22.4 శాతం దూరంలోని అస్పందన స్థానాల దగ్గర ఆనిస్తారు.

కింది వాటిలో లోహపు పట్టీలు లేనిది ఏది: వైబ్రాఫోన్, గ్లాకెన్‌స్పీల్, మరింబా? మరింబా.

ప్రతిపాదన: గొట్టం తీసేస్తే జైలోఫోన్ బద్ద శబ్దం మెల్లగా, కానీ ఎక్కువసేపు వినిపిస్తుంది. కారణం: గొట్టం బద్దకు అదనపు శక్తిని ఇస్తుంది. ప్రతిపాదన సరైనది, కారణం తప్పు. గొట్టం శక్తిని ఇవ్వదు, ఉన్న శక్తి గాలిలోకి వెళ్లే వేగాన్ని పెంచుతుంది.

సోసో బాలా ఏ దేశానికి చెందింది? గినీ. మాలి చరిత్రతో ముడిపడి ఉండటంతో చాలామంది మాలి అని రాస్తారు. వాద్యం ఉన్న న్యాగసోలా గ్రామం గినీలో ఉంది.

గాజు సీసాలో నీళ్లు పెంచుతూ పోతే స్వరం ఎత్తు పెరుగుతుందా, తగ్గుతుందా? ఎలా మోగించారో చెప్పకుండా దీనికి జవాబు లేదు. సీసా మూతి మీదుగా ఊదితే మోగేది లోపలి గాలిస్తంభం. నీళ్లు పెరిగితే అది పొట్టిదై స్వరం ఎక్కుతుంది, ఇది సుషిర వాద్యపు తీరు. సీసాను పుల్లతో కొడితే మోగేది గాజు, దాన్ని అంటుకున్న నీళ్లు. నీళ్లు పెరిగితే కంపించే బరువు పెరిగి స్వరం దిగుతుంది. జలతరంగంలో జరిగేది ఈ రెండోదే, రనాత్ బద్దకు సీసం కలిపిన మైనం అంటించినప్పుడు జరిగేదీ ఇదే.